టిష్యూ ప్యాకెట్ ఉన్న బల్ల

మా అమ్మాయికి పరీక్షలు దగ్గర పడ్డాయి. సింగపూర్‌లో, యీషున్‌లోని మా ఫ్లాట్‌లో దాని చదువుబల్ల వంటగదిని ఆనుకునే ఉంటుంది. మొన్న పొద్దున కాఫీ కలుపుకుంటుంటే పెన్సిల్ చెక్కిన వాసన వచ్చింది. పచ్చి చెక్క, నల్లటి పొడి, కొంచెం రబ్బరు, మూడూ కలిసిన వాసన. వెళ్లి పెన్సిల్ తీసుకుని ముక్కు దగ్గర పెట్టుకున్నాను. "జస్ట్ పెన్సిల్ లా, నాన్నా," అంది మేఘన, ఇక్కడివాళ్లు మాట చివర తగిలించే 'లా' తగిలించి, తండ్రి మతి మీద చిన్న అనుమానంతో. ఆ వాసన ఎవరికైనా బడిని గుర్తుచేస్తుంది. నాకు మాత్రం కంప్యూటర్‌ను గుర్తుచేస్తుంది. నెల రోజుల పాటు కంప్యూటర్‌ను ముట్టనివ్వకుండా, చేతికి పెన్సిలిచ్చి నాకు కంప్యూటర్ నేర్పిన మనిషి ఒకావిడ ఉండేది. పేరు సరోజ. ఆఫీసులో అందరికీ మేడమ్, నాకు ఆంటీ.

ఆవిడ నేర్పింది అసెంబ్లీ భాష. ఇప్పటి పిల్లలు కంప్యూటర్‌తో దాదాపు మనిషితో మాట్లాడినట్టే మాట్లాడుతున్నారు గనక అదేమిటో చెప్పాలి. మామూలు భాషలో "అటక మీది బస్తా దించు" అంటే సరిపోతుంది. అసెంబ్లీలో అలా కుదరదు. నిచ్చెన వెయ్యి, మెట్టు ఎక్కు, ఇంకో మెట్టు ఎక్కు, కుడిచెయ్యి చాపు, బస్తా చెవి పట్టుకో, అని ఒక్కొక్కటే చెప్పాలి. పట్టుకోమనడం మరిచిపోయామా, యంత్రం ఖాళీ చేత్తో దిగివచ్చి పనైపోయిందంటుంది. అబద్ధమాడటం దానికి తెలియదు. తెలిసిందల్లా నాకే.

మాది చీరాల. తాతది, నాన్నది, బాబాయిలది, అందరివీ బట్టల కొట్లే. మా కొట్లో "లేదు" అనే మాట పలకకూడదు. ఆకుపచ్చ అంచున్న పసుపు చీర కావాలని ఎవరైనా అడిగితే, అలాంటిది పుట్టి ఎరగకపోయినా నాన్న చిరునవ్వు చెదరకుండా "కూర్చోమ్మా, గోడౌన్‌లో ఉంది, తెప్పిస్తా" అనేవాడు. బాబాయి దొడ్డిదారిన పక్క కొట్టుకు వెళ్లి తెచ్చేవాడు. ముందు ఉందనాలి, ఆ తర్వాత తెచ్చుకోవాలి. ఇదే మా ఇంటి వేదం. రెండువేల సంవత్సరం ముంచుకొస్తోందని, పాత ప్రోగ్రాముల్లో సంవత్సరానికి రెండంకెలే ఉన్నాయి గనక సున్నా సున్నా వచ్చిన రోజున అవి వందేళ్లు వెనక్కి పోతాయని ప్రపంచమంతా హడావిడి పడుతున్న కాలమది. సింగపూర్ నుంచి ఫోన్‌లో ఇంటర్వ్యూ చేసినాయన "అసెంబ్లర్ వచ్చా?" అని అడిగాడు. వచ్చన్నాను. "ఎన్నేళ్ల అనుభవం?" అన్నాడు. బేరంలో మొదటి మాట కాస్త ఎక్కువ చెప్పాలి గనక రెండేళ్లన్నాను, ఆయనే ఒకటికి తగ్గిస్తాడులే అని. ఆయన తగ్గించలేదు. అలా ఒక్క పుస్తకమూ చదవని విద్యలో రెండేళ్ల నిపుణుణ్ణయి విమానమెక్కాను. మూడు నెలలు పని చూస్తారు, నచ్చితే ఉంచుకుంటారు, లేకపోతే తిరుగు టికెట్ ఇస్తారు. అప్పటికే నాన్న బజారంతా చెప్పేశాడు. అమ్ముడుపోక వెనక్కొచ్చిన తానును కొట్లో ఏ మూలన పడేస్తారో నాకు బాగా తెలుసు.

క్లెమెంటిలో ఒక గదిలో ముగ్గురం ఉండేవాళ్లం. కిటికీ పక్క పరుపు కోసం వారం రోజులు బేరమాడి, గెలిచాక తెలిసింది, వాన జల్లు పడేది దాని మీదేనని. అక్కణ్ణుంచి తువాస్ వైపు వెళ్లే బస్సెక్కితే మా ఆఫీసు. ఓడల మీద వచ్చే కంటెయినర్లు యార్డులో ఎక్కడ దిగాయి, ఎక్కడ పేర్చారు, ఎప్పుడు పంపాలి అని లెక్క చూసే కంపెనీ అది. ఆ ప్రోగ్రాములన్నీ ఇరవై ఏళ్లుగా రాసినావిడ దగ్గర నన్ను కూర్చోబెట్టారు. యాభై దాటిన మనిషి, ఏసీ చలికి బూడిదరంగు స్వెట్టరు, మెళ్లో గొలుసుకు వేలాడే కళ్లద్దాలు, చెవి వెనక పెన్సిల్.

"ఏ వూరు బాబూ?" అంది. తెలుగు విని ఉలిక్కిపడ్డాను.

"చీరాలండీ."

"సీరాలా. బట్టలకి మంచి పేరంట గదా. మా తాతది సికాకులం. పక్కన మలయాలో, జొహోరు రబ్బరుతోటకొచ్చినాడు. నాను ఇక్కడే పుట్టినాను, ఆ వూరు సూళ్లేదు." అంటూనే ఒక కాగితం నా ముందుకు జరిపి, ఒక వరుస మీద పెన్సిల్ మొన ఆనించింది. "ఈ లైన్ ఏటి సేస్తాది?"

నేను కాగితాన్ని అటూ ఇటూ తిప్పి చూశాను. "చాలా బాగా రాశారండీ," అన్నాను.

"బాగుందా అని అడగలేదు. ఏటి సేస్తాదని అడిగినాను."

"అంటే, కొద్దిగా టచ్ పోయిందండీ."

"టచ్ పోవాలంటే ముందు ఉండాల గదా," అంది. తర్వాత గొంతు తగ్గించి, చుట్టుపక్కల ఎవరూ వినకుండా, "రాదని సెప్పు. ఒక్కసారి సెప్పు. ఏటీ అవదు," అంది.

మూడు తరాల దుకాణం నా నాలుక మీద కూర్చుని ఉంది. "నేర్చుకుంటానండీ," అన్నాను. ఆవిడ నా ముఖంలోకి చూసి, "రాదనలేక నేర్సుకుంటానంటన్నావు. సరి, అదీ ఒక దారే," అని కాగితం వెనక్కి తీసుకుంది. ఆఫీసు తొమ్మిదికి. తనతో చదవాలంటే ఏడుకు రమ్మంది. బస్సులు, దూరం, వాన, అన్నీ ఏకరువు పెట్టి ఎనిమిదన్నాను. కాసేపు తటపటాయించి ఏడున్నరకు ఒప్పుకుంది. ఆ రోజంతా ఆ విజయం నాకు బలంగా పనిచేసింది. ఏడాది తర్వాత నవ్వుతూ చెప్పింది, తను మొదట్నుంచీ అనుకున్నది ఏడున్నరేనని.

పాఠాలు ఆఫీసు కింద ఉన్న హాకర్ సెంటర్‌లో, వరసగా తిండి అంగళ్లూ మధ్యలో బల్లలూ ఉన్నచోట జరిగేవి. "ముందు మకన్, తరవాత పాఠం," అనేది. తిండి తినకుండా చదివితే బుర్రలో తిండే తిరుగుతుందని ఆవిడ సిద్ధాంతం. మొదటి రోజు తను కాఫీ తేవడానికి వెళ్తూ బల్ల చూడమంది. అంత రద్దీలోనూ ఒక బల్ల ఖాళీగా కనిపించింది. దాని మీద ఎవరో మరిచిపోయిన టిష్యూ కాగితాల ప్యాకెట్ ఉంది. మా అదృష్టానికి మురిసిపోయి, ఒక కాగితంతో బల్ల తుడిచి, మిగతా ప్యాకెట్ జేబులో పెట్టుకున్నాను. మా ఇంట్లో ఏ వస్తువూ పారేయరు. ఇంతలో ఒక చీనా పెద్దాయన నూడుల్స్ గిన్నెతో వచ్చి నా మీద నిలబడ్డాడు.

"మై టిష్యూ వేర్?"

"నో టిష్యూ, అంకుల్," అన్నాను, జేబులోంచి దాని చెవి బయటికి కనిపిస్తుండగా.

సరోజా ఆంటీ వచ్చి, ఆయనకు క్షమాపణ చెప్పి, ప్యాకెట్ తిరిగి ఇప్పించి, నన్ను ఇంకో బల్లకు లాక్కుపోయింది. చాలాసేపు నవ్వి, కళ్లు తుడుచుకుని అప్పుడు చెప్పింది. "దీన్ని చోప్ అంటారిక్కడ. ప్యాకెట్ పెట్టి వెళ్తే ఆ బల్ల వాడిది. వాడు వొచ్చేదాకా ఖాళీగానే ఉంటాది, ఎవులూ కూసోరు. ఖాళీగా ఉందంటే ఎవులిదీ కాదని కాదు బాబూ." వెంటనే గళ్ల కాగితాల పుస్తకం తెరిచింది. "ఇదిగో, ఈ లైన్ సూడు. ఇక్కడ యంత్రం బుర్రలో ఎనిమిది గదులు, అంటే ఎనిమిది అచ్చరాల సోటు, చోప్ సేసినాను. అందులో ఏటీ పెట్టలేదు. ఒక్కోసారి పేరు కూడా రాయను. అయినా ఆ సోటు ఎవులిదో ఒకులిది." అసెంబ్లీలో నేను నేర్చుకున్న మొదటి వాక్యం అదే. అంత బాగా అర్థమైన పాఠాన్ని అంత బాగా మరిచిపోగలనని అప్పుడు అనుకోలేదు.

నెలపాటు యంత్రం ముట్టనివ్వలేదు. సోడాసీసాల మూతలు పదహారు పోగుచేసి, వాటి మీద సున్నా నుంచి పదిహేను దాకా అంకెలు రాసి నా ముందు పేర్చింది. యంత్రానికి చేతులు పదహారే, ఏది చెయ్యాలన్నా ముందు ఆ చేతుల్లోకి తీసుకోవాలి. ఆవిడ కాగితం మీది వరుస చదివేది, నేను యంత్రాన్నై మూడో మూతలోని చక్కెర పలుకుల్ని ఐదో మూతలో వేసేవాణ్ణి. వరుస చెప్పినదానికన్నా ఒక్క పలుకు ఎక్కువ వేసినా "యంత్రానికి దయ లేదు, నీకెందుకు?" అనేది. సాయంత్రం గదిలో అవే మూతలతో సాధన చేస్తుంటే నా పక్క పరుపు రమేష్ "ఒరే, వీణ్ణి కంప్యూటర్ ఇంజనీరని పంపించార్రా, ఇక్కడేమో గవ్వలాడుతున్నాడు," అనేవాడు. అననిచ్చాను. రెండో వారంలో నా తల పగిలిపోయింది. మూడో వారంలో పగిలిన తలలోంచి ఏదో వెలుగు లోపలికి పోయింది. ఏడు వరుసల్లో చేసే పనిని ఐదింటికి తగ్గించడం మొదలుపెట్టాను. ఆవిడ ఏడంటే నేను ఐదనేవాణ్ణి. కుదిరిన చోట ఒప్పుకునేది. కుదరని చోట మూతలు నా ముందుకు తోసి "ఏదీ, నీ బేరం నడిపించి సూపించు," అనేది. అలాంటి చోట యంత్రంతో బేరం ఒక్కసారీ కుదిరేది కాదు.

ఊరికే ఇచ్చే సరుకు అంటే మా బజారులో భయం. పుచ్చుదైనా అయ్యుండాలి, దొంగదైనా అయ్యుండాలి. అందుకని ఒకరోజు అడిగేశాను. "దీనివల్ల మీకేం లాభం ఆంటీ?"

ఆవిడ పెన్సిల్ చెక్కుకుంటూ ఆలోచించింది. "ఇరవై ఏళ్లుగా రాస్తన్నాను. అందరూ నడిపేవోళ్లే, సదివినోడు ఒక్కడు లేడు. ఎవులూ సదవకపోతే రాసినట్టా?" అంది. నేను పుస్తకం నా వైపు తిప్పుకుని తర్వాతి వరుస చదవడం మొదలుపెట్టాను.

గడువు ఇంకా పదహారు రోజులుందనగా నాకు సొంతంగా ఒక పని ఇచ్చింది. సంవత్సరానికి ముందు పంతొమ్మిదో ఇరవయ్యో, రెండంకెలు చేర్చాలి, అంటే రెండు గదుల చోటు కావాలి. ఆ చోటు పదకొండు ప్రోగ్రాములు కలిసి వాడుకునే, ఉమ్మడి వాకిలి లాంటి జాగాలో ఉంది. పద్ధతి ప్రకారం చేస్తే వాకిలి పెంచి, పదకొండింటినీ చదివి, మళ్లీ కట్టాలి. మూడు రోజుల పని. నేను చేస్తున్న ప్రోగ్రాములో చూస్తే ఆ వాకిలి చివర ఎనిమిది గదులు పేరూ ఊరూ లేకుండా ఖాళీగా పడి ఉన్నాయి. ఖాళీ అరుగు కనిపిస్తే బట్టల వ్యాపారి ప్రాణం ఊరుకోదు. రెండు గదుల్లో నా రెండంకెలు పెట్టేసి, పరీక్షించి, అన్నీ సరిగ్గా వస్తే మూడు రోజుల పని అరపూటలో కొట్టేశానని ఈల వేసుకున్నాను. పెద్దవాళ్లు సంతకం చేస్తేగాని మార్పు లోపలికి పోదు. ఆంటీ కాగితం తీసుకుని, "వాకిలి ముట్టినావు గదా. మిగతా పది ప్రోగ్రాములూ సూసినావా?" అని అడిగింది.

"చూశానండీ," అన్నాను. ముందు ఉందనాలి, తర్వాత తెచ్చుకోవాలి. సాయంత్రం చూద్దాంలే అనుకున్నాను. ఆవిడ ఇంకేమీ అడగలేదు. నా పేరు కింద సంతకం పెట్టింది. సాయంత్రం నేను చూడలేదు.

మర్నాడు పొద్దున యార్డు నుంచి ఫోన్. చలిపెట్టెలు, అంటే చేపలూ మాంసమూ వచ్చే కంటెయినర్లు, దిగగానే ఏది ఏ కరెంటు ప్లగ్గు దగ్గర పెట్టాలో మా ప్రోగ్రాము జాబితా ఇవ్వాలి. ఆ రోజు జాబితాలో ప్లగ్గు అంకెలన్నీ పిచ్చివి వచ్చాయి. యార్డువాళ్లు పాతకాలపు మనుషులు గనక పెట్టె పెట్టెకూ నడిచి వెళ్లి చేత్తో రాసుకున్నారు, సరుకు పాడవలేదు. కానీ మా మేనేజర్ మిస్టర్ గో ముఖం ఎర్రబడింది. అందరి ముందూ నిలబడి, "పాత ప్రోగ్రాము, పాత జబ్బు. సరోజా కాలం నాటిది లా. అందుకే మొత్తం పారేద్దామని నేనంటున్నా," అన్నాడు. ఆంటీ వెళ్లి యంత్రం కడుపులో ఏ గదిలో ఏముందో మొత్తం అచ్చువేయించి, ఆ కాగితాల దొంతర తెచ్చి నా బల్ల మీద పెట్టి, పైన చెక్కిన పెన్సిల్ ఒకటి పెట్టింది. "నువ్వే ఎతుకు," అంది.

ఆ దొంతరలో అంకెలు, అక్షరాలు తప్ప మాట అన్నది ఉండదు. ఒక్కో వరుస కింద గీత గీస్తూ పోయాను. తిండికి లేవలేదు. మధ్యాహ్నం రెండు దాటాక, ప్లగ్గు అంకె ఉండాల్సిన చోట ఎఫ్ ఒకటి, ఎఫ్ తొమ్మిది కనిపించాయి. యంత్రం భాషలో అది పంతొమ్మిది. నేను చేర్చిన రెండంకెలు. పక్కవాడి గోడౌన్‌లో మన కొట్టు ముద్ర ఉన్న మూట కనిపిస్తే ఎలా ఉంటుందో అలా ఉంది. ఆ ఎనిమిది గదులు చలిపెట్టెల ప్రోగ్రాముకు చోప్ చేసినవి. నా పరీక్షల్లో చలిపెట్టె ఒక్కటీ లేదు గనక ఎవరూ వచ్చి నా మీద నిలబడలేదు.

పెన్సిల్ పట్టుకుని కూర్చున్నాను. ఆ ఆఫీసులో ఆ కాగితం చదవగలిగినవాళ్లం ఇద్దరమే. చప్పుడు కాకుండా సరిచేసి, పాత జబ్బే, కుదిర్చేశానంటే గో భుజం తట్టి మూడు నెలల కాగితం మీద ముద్ర వేస్తాడు. ఆంటీ నోరు విప్పదని తెలుసు. సరుకు మా దగ్గర పాడవలేదమ్మా, మిల్లు నుంచే అలా వచ్చింది, అని మా కొట్లో వందసార్లు విన్న మాట నాలుక చివరికి వచ్చింది కూడా. కానీ ఆ కాగితం మీద నా పేరు కింద ఆవిడ సంతకం ఉంది. చూశానని నేనంటేనే పెట్టిన సంతకం. లేచి గో గదిలోకి వెళ్లాను.

"తప్పు పాత ప్రోగ్రాముది కాదు సార్, నాది," అన్నాను. ఎక్కడ జరిగిందో చూపించాను. రెండేళ్ల అనుభవమున్నవాడు ఇలాంటి పని చేస్తాడా అన్నాడాయన. అప్పుడు ఆ మాట దానంతటదే వచ్చింది. "రెండేళ్లు లేదు సార్. నేను వచ్చిన రోజు నాకు అసెంబ్లర్ రాదు. ఇప్పుడు రెండు నెలల పదిహేను రోజుల అనుభవముంది."

గో ఆంటీని పిలిపించాడు. "నీకిది తెలుసా?"

"మొదటి రోజే తెలుసు."

"తెలిసీ ఎందుకు ఉంచుకున్నావు?"

"మిగతావాళ్లు ప్రోగ్రాము నడుపుతారు. ఇతను చదువుతాడు లా," అంది ఆంటీ ఇంగ్లీషులో.

గో కాగితాలు సర్దిపెట్టాడు. పదకొండు ప్రోగ్రాములూ పద్ధతిగా చేసి చూపించాలనీ, గడువు ఇంకో మూడు నెలలు పొడిగిస్తున్నాననీ అన్నాడు. ప్రాణం లేచొచ్చిన ఆ క్షణంలో కూడా నా నోరు "రెండు చెయ్యండి సార్" అనేసింది. ఆంటీ బల్ల కింద నా కాలు తొక్కింది. గడువు మూడు నెలల దగ్గరే ఖాయమైంది.

బయటికొచ్చాక నేను మాట్లాడబోతే చెయ్యెత్తి ఆపింది. "రాదని సెప్పడానికి రెండున్నర నెల్లు పట్టింది నీకు. అది పరవాలేదు. సూశానని సెప్పినావు సూడు, నాను సంతకం పెట్టినాను. అదొక్కటే బాధ." నాలుగడుగులు వేసి మళ్లీ వెనక్కి తిరిగింది. "రేపు ఏడున్నరకి రా. పదకొండూ పైకి సదవాల, నాకు ఇనబడేలాగ." మూడు రోజులు కాదు, ఆరు రోజులు పట్టింది, అందాకా నా మార్పు తీసేసి పాతదే నడిపారు. ఒక్క వరుసకూ బేరమాడలేదు. ఆరో రోజున చలిపెట్టెల జాబితా యార్డుకు వెళ్లింది, ప్లగ్గు అంకెలు వాటి చోట్లలో అవి కుదురుగా ఉన్నాయి. మూడు నెలల తర్వాత గో ముద్ర వేశాడు.

రెండువేల సంవత్సరం ఏ గొడవా లేకుండా వచ్చింది. మరో రెండేళ్లకు ఆ ప్రోగ్రాములన్నీ తీసేసి కొత్త భాషలో కొత్తవి పెట్టారు. ఇరవై ఏళ్ల రాత ఒక శుక్రవారం మధ్యాహ్నం ఆగిపోయింది. ఆంటీ బాధపడుతుందేమోనని ఓదార్పు మాటలు కూడబెట్టుకుని వెళ్లాను. ఆవిడ కొత్త భాష క్లాసుకు పెన్సిళ్లు చెక్కుకుంటోంది. ఆ క్లాసులో అందరం ముప్ఫయ్యేళ్ల లోపువాళ్లం, ఆవిడ ఒక్కతే ముందు వరుసలో స్వెట్టరు వేసుకుని కూర్చుంది. ఇది ఇంతకుముందు ఎవరికి వచ్చని పాఠం చెప్పేవాడు అడిగితే గదినిండా చేతులు లేచాయి. నా చెయ్యి కూడా సగం లేచింది, అలవాటు ఎక్కడికి పోతుంది. ముందు వరుసలోంచి ఆవిడ గొంతు ఇంగ్లీషులో తొణక్కుండా వినిపించింది. "నాకు రాదు. అందుకే వచ్చాను." నేను చెయ్యి దించేశాను.

ఆంటీ ఇప్పుడు లేదు. నేనిప్పుడు పదిమందికి పని చెప్పే స్థితిలో ఉన్నాను, బేరాలూ మానలేదు. కానీ ఎక్కడైనా ఖాళీ కనిపిస్తే, అది కాగితం మీదైనా, మనుషుల మధ్యనైనా, ముందు ఎవరిదని అడుగుతాను. చూడనిది చూశాననను. ఇవి చిన్న సంగతులే, నాకు మాత్రం వంశం మార్చుకున్నంత కష్టం మీద వచ్చాయి.

మొన్న నేను పెన్సిల్ వాసన చూస్తూ నిలబడి ఉంటే, మేఘన తన లెక్కల పుస్తకం నా వైపు తిప్పింది. "నాన్నా, డూ యూ నో దిస్ వన్?" చూశాను. పట్టీల బొమ్మలు, నీళ్ల తొట్లు, భిన్నాలు, ఏవో గళ్లు. మా కాలంలో ఇలాంటివి లేవు. గోడౌన్‌లో ఉంది, తెప్పిస్తా, అనే మాట గొంతు దాకా వచ్చి ఆగింది.

"రాదమ్మా," అన్నాను. కుర్చీ లాక్కుని దాని పక్కన కూర్చున్నాను. "ఆ పెన్సిల్ నా దగ్గరే ఉండనీ. మొదటి వరుస పైకి చదువు, నాకు వినబడేలా."